ఉత్పత్తి అవసరాలు మారుతున్నప్పుడు ఫ్యాక్టరీ లేఅవుట్‌ను సరిదిద్దుకోవడం ఎలా: సమగ్ర మార్గదర్శి

ఆర్డర్లు పెరిగినప్పుడు, కొత్త మోడల్ వచ్చినప్పుడు, పాత మోడల్ తగ్గిపోయినప్పుడు చాలా ఫ్యాక్టరీలలో ఎక్కడ ఖాళీ కనిపిస్తే అక్కడ కొత్త మెషిన్ పెట్టేస్తారు. నాలుగైదు సార్లు అలా జరిగేసరికి సరుకు ఒక మూల నుంచి మరో మూలకు వెళ్లి, మళ్లీ మొదటి మూలకే తిరిగి వస్తూ ఉంటుంది. అప్పుడు మొత్తం లేఅవుట్ (మెషిన్లు, దారుల అమరిక) మార్చాలన్న మాట వస్తుంది కానీ, ఎక్కడ మొదలుపెట్టాలో, ఏది ముందు ఏది వెనుక చేయాలో తెలియక పని వాయిదా పడుతుంది.

ఆ క్రమాన్ని ఇక్కడ వివరిస్తున్నాను. మొదటి నుంచి చివరి వరకు ఒక విషయాన్ని పట్టుకుని ఉండాలి: ఏ లేఅవుట్‌నైనా ఈనాటి రవాణా దూరంతో పాటు, దాన్ని మళ్లీ మార్చవలసి వచ్చినప్పుడు అయ్యే ఖర్చును కూడా కలిపి అంచనా వేయాలి.

1. సమస్య లేఅవుట్‌దేనా అని ముందుగా తేల్చుకోవడం

షాప్ ఫ్లోర్‌లో కనిపించే ప్రతి ఆలస్యానికీ లేఅవుట్ కారణం కాదు. సెట్టింగ్ మార్చడానికి గంటలు పట్టడం, మెషిన్ తరచుగా ఆగిపోవడం, బ్యాచ్ పరిమాణం అవసరానికి మించి ఉండడం కూడా అదే రకం గందరగోళాన్ని సృష్టిస్తాయి. ఇవి మెషిన్ల స్థానం మార్చినంత మాత్రాన పోవు.

తేల్చుకోవడానికి సులభమైన పరీక్ష ఉంది. ఎక్కువగా తయారయ్యే ఒక పార్టును ఎంచుకుని, ముడి సరుకు నుంచి డిస్పాచ్ వరకు దాని వెంటే నడవాలి. ప్రతి దశలోనూ సమయాన్ని మూడు గడులలో రాసుకోవాలి: మెషిన్ మీద పని జరిగిన సమయం, రవాణాలో గడిచిన సమయం, ఎదురుచూపులో గడిచిన సమయం. సాధారణంగా మూడో గడి చాలా పెద్దదిగా వస్తుంది. అసలు ప్రశ్న అక్కడే మొదలవుతుంది.

తర్వాతి మెషిన్‌కు సామర్థ్యం చాలక సరుకు ఆగి ఉంటే, అది సామర్థ్యానికి సంబంధించిన సమస్య. ట్రాలీ పూర్తిగా నిండే వరకు కదపకూడదని ఆగి ఉంటే మాత్రం అది లేఅవుట్ సమస్యే. తర్వాతి మెషిన్ 60 మీటర్ల దూరంలో ఉన్నప్పుడు ఎవరూ రెండేసి పార్టులు మోసుకెళ్లరు, 200 పోగయ్యాకే కదుపుతారు. దూరం వల్ల జరిగే అసలు నష్టం నడకలో కంటే, అది పుట్టించే ఈ పోగులలోనే ఎక్కువగా ఉంటుంది.

ఎదురుచూపు మొత్తాన్ని లెక్కగా చూడాలంటే, ఫ్లోర్ మీద సగం తయారై ఉన్న పార్టుల సంఖ్యను రోజువారీ ఉత్పత్తితో భాగించాలి. రోజుకు 580 పార్టులు తయారయ్యే చోట 1,740 మధ్యలో ఉంటే, ఒక పార్టు బయటికి రావడానికి సగటున 3 రోజులు పడుతున్నట్టు. ఈ సంఖ్యను ఇప్పుడే రాసిపెట్టుకోవాలి. మార్పు తర్వాత దీనితోనే పోల్చుకోవాలి.

2. సమాచారం సేకరించడం

గీత గీయడానికి ముందు చేతిలో ఉండవలసినవి ఇవి:

☐ గత 12 నెలల ఉత్పత్తి, రాబోయే 12 నెలల అంచనా, మోడల్ వారీగా, ఎక్కువ నుంచి తక్కువ క్రమంలో
☐ ప్రతి ముఖ్యమైన పార్టు నిజంగా తిరిగే దారి (పని క్రమం రాసి ఉండే రూట్ షీట్‌లోది కాదు, ఫ్లోర్ మీద జరుగుతున్నది, లోపమున్న పార్టును మళ్లీ సరిచేసే రీవర్క్ దారితో సహా)
☐ ప్రతి రెండు దశల మధ్య రోజుకు ఎన్ని ట్రిప్పులు, దేనితో: చేతితోనా, ట్రాలీతోనా, ఫోర్క్‌లిఫ్ట్‌తోనా, క్రేన్‌తోనా
☐ కొత్తగా కొలిచిన ఫ్లోర్ డ్రాయింగ్: స్తంభాలు, తలుపులు, బీమ్ కింద ఎత్తు, క్రేన్ హుక్ అందే హద్దులు, డ్రైన్లు, ఎలక్ట్రికల్ ప్యానెళ్లు
☐ ప్రతి మెషిన్ ఆక్రమించే స్థలం, తలుపులన్నీ తెరిచి ఉన్నప్పుడు, మెయింటెనెన్స్ కోసం షాఫ్ట్ లేదా డై బయటికి లాగినప్పుడు
☐ మెషిన్ బరువు, నేల మోయగల భారం

రెండింటి విషయంలో చాలామంది తొందరపడతారు. ఒకటి పాత డ్రాయింగ్. భవనం కట్టినప్పటి కాగితం మీద లేని పైపు, తర్వాత కట్టిన గోడ, మూసేసిన తలుపు తప్పకుండా ఉంటాయి. అందుకే టేపు పట్టుకుని మళ్లీ కొలవాలి. రెండోది ట్రిప్పుల లెక్క. పార్టుల సంఖ్యను రవాణా లెక్కగా తీసుకుంటే తప్పుడు చిత్రం వస్తుంది. ఒకే బిన్‌లో పట్టే 500 చిన్న పిన్నులు ఒక ట్రిప్పు. ప్యాలెట్‌కు రెండే పట్టే హౌసింగులు 500 ఉంటే 250 ట్రిప్పులు.

3. గిరాకీని మెషిన్ల సంఖ్యగా మార్చడం

ఈ దశ మీద ఎంత శ్రద్ధ పెడితే తర్వాతి దశలు అంత తేలికవుతాయి. ముందుగా టాక్ట్ టైమ్ కట్టాలి. పని చేయడానికి దొరికే సమయాన్ని, ఆ సమయంలో కావలసిన పార్టుల సంఖ్యతో భాగిస్తే వచ్చేదే అది.

8 గంటల షిఫ్ట్ అంటే 480 నిమిషాలు. విరామాలకు 30, షిఫ్ట్ మొదట్లో తనిఖీకి, చివర్లో శుభ్రతకు కలిపి 15 నిమిషాలు తీసేస్తే 435 నిమిషాలు, అంటే 26,100 సెకన్లు మిగులుతాయి. రోజుకు 580 పార్టులు కావాలంటే టాక్ట్ టైమ్ 45 సెకన్లు.

ఒక డ్రిల్లింగ్ పనికి పార్టుకు 70 సెకన్లు పడుతుందని, మెషిన్ నికరంగా 85 శాతం సమయమే పనిచేస్తుందని అనుకుందాం. 70ని 45తో, వచ్చినదాన్ని 0.85తో భాగిస్తే 1.83 వస్తుంది, అంటే 2 మెషిన్లు కావాలి. విరామాలను మొదటే తీసేశాం కాబట్టి, ఈ 85 శాతంలో వాటిని మళ్లీ కలపకూడదు. ఆగిపోవడాలు, సెట్టింగ్ మార్పులు మాత్రమే ఉండాలి. రెండుసార్లు కోస్తే అక్కరలేని మెషిన్ కొనవలసి వస్తుంది.

ఇప్పుడు ఇదే లెక్కను తిరగేయాలి. ఆ 2 మెషిన్లు రోజుకు గరిష్ఠంగా ఎన్ని ఇవ్వగలవు? 26,100ను 0.85తో, 2తో గుణించి 70తో భాగిస్తే 633. మూడు మెషిన్లతో అయితే 950. అంటే గిరాకీ 633 దాటిన రోజున మూడో డ్రిల్లింగ్ మెషిన్ కావాలి, దానికి చోటు కూడా కావాలి.

ఇలాంటి హద్దు సంఖ్యను ప్రతి పనికీ కట్టి ఒక పట్టికలో పెట్టాలి. ఏ దశ ముందుగా నిండిపోతుందో, ఆ తర్వాత ఏదో ఈ పట్టిక వరుసగా చూపిస్తుంది. భవిష్యత్తును ఎవరూ కచ్చితంగా చెప్పలేకపోవచ్చు. కానీ ఏ సంఖ్య దగ్గర ఏ మార్పు తప్పనిసరి అవుతుందో మాత్రం ఇప్పుడే చెప్పవచ్చు. లేఅవుట్‌కు కావలసినది ఈ రెండోదే.

4. అమరిక రకాన్ని ఎంచుకోవడం

ఒకటి రెండు మోడళ్లే ఉత్పత్తిలో సింహభాగం అయి, వాటి గిరాకీ నిలకడగా ఉంటే, పని క్రమంలో మెషిన్లను పెట్టే లైన్ సరిపోతుంది. మోడళ్లు చాలా ఉండి, ఒక్కొక్కటి కొద్దిగా, దేని దారి దానిదైతే, ఒకే రకం మెషిన్లను ఒక చోట ఉంచే విభాగాల పద్ధతి నయం. ఓడ, పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ లాంటి కదపలేని వస్తువులకు, వస్తువు ఉన్నచోటికే పనివారు, పరికరాలు వెళ్లాలి.

చాలా ఫ్యాక్టరీలు మొదటి రెండింటికీ మధ్యలో ఉంటాయి. అక్కడ సెల్ పద్ధతి, అంటే ఒకే దారిలో తిరిగే పార్టులకు కావలసిన వేర్వేరు మెషిన్లను ఒక గుంపుగా పెట్టడం, పనికివస్తుంది. ఒక కాగితం మీద అడ్డు వరుసల్లో పార్టులు, నిలువు వరుసల్లో మెషిన్లు రాసి, ఏ పార్టు ఏ మెషిన్‌కు వెళ్తుందో గుర్తు పెట్టాలి. తర్వాత ఒకే మెషిన్లను వాడే పార్టుల వరుసలు పక్కపక్కకు వచ్చేలా వరుసలను అటూ ఇటూ మార్చాలి. గుర్తులు గుంపులుగా కూడితే ఒక్కో గుంపు ఒక సెల్ అవుతుంది. ఎంత మార్చినా గుంపులు ఏర్పడకపోతే, బలవంతంగా సెల్ చేయవద్దు.

సెల్‌ను యూ ఆకారంలో పెడితే మొదటి మెషిన్, చివరి మెషిన్ ఎదురెదురుగా వస్తాయి. గిరాకీ తగ్గినప్పుడు ఒకే మనిషి ఎక్కువ మెషిన్లు చూసుకోవచ్చు, పెరిగినప్పుడు ఇంకొకరిని చేర్చవచ్చు. మెషిన్ కదపకుండానే ఉత్పత్తిని సర్దుకోవచ్చు. మారే గిరాకీకి ఇంత చవకైన పరిష్కారం మరొకటి లేదని నా అభిప్రాయం.

5. రవాణా భారాన్ని లెక్కించడం

ప్రతి రెండు విభాగాల మధ్య రోజువారీ ట్రిప్పులను దూరంతో గుణించాలి. వచ్చేదే ఆ దారి రవాణా భారం. దూరాన్ని నడిచే దారి వెంట కొలవాలి. డ్రాయింగ్ మీద స్కేలుతో ఏటవాలుగా కొలిచే దూరం ఫ్లోర్ మీద ఉండదు.

ఉదాహరణకు ఇలా:

- కటింగ్ నుంచి డ్రిల్లింగ్‌కు: 60 ట్రిప్పులు × 40 మీటర్లు = 2,400
- డ్రిల్లింగ్ నుంచి వాషింగ్‌కు: 60 × 15 = 900
- వాషింగ్ నుంచి అసెంబ్లీకి: 25 × 70 = 1,750
- కటింగ్ నుంచి నేరుగా అసెంబ్లీకి: 10 × 90 = 900

మొత్తం 5,950. చూడగానే అందరి దృష్టీ ఆ 90 మీటర్ల దారి మీద పడుతుంది. భారం మాత్రం 40 మీటర్ల దారిలో ఎక్కువగా ఉంది. డ్రిల్లింగ్‌ను కటింగ్‌కు 12 మీటర్ల దగ్గరికి తెచ్చి, వాషింగ్‌ను అసెంబ్లీ వైపు జరిపామనుకుందాం. నాలుగు దారులూ వరుసగా 12, 30, 35, 90 మీటర్లు అయితే మొత్తం 4,295కు దిగుతుంది. దాదాపు 28 శాతం తగ్గింపు. డ్రిల్లింగ్, వాషింగ్‌ల మధ్య దూరం రెట్టింపైనా మొత్తం మీద లాభమే. ఒక దూరం పెరిగిందని ఆ విభాగం వారు అభ్యంతరం చెప్పినప్పుడు చూపించవలసినది ఈ మొత్తాన్నే.

ఖాళీ ట్రాలీలు, ఖాళీ బిన్లు వెనక్కి వచ్చే ట్రిప్పులను కూడా లెక్కలో చేర్చాలి. వాటిని మరిచిపోతే దారుల రద్దీ అంచనా సగానికి పడిపోతుంది.

6. సరుకు రవాణాతో తేలని సంబంధాలు

కొన్నింటిని ఎంత రవాణా ఉన్నా దూరంగా ఉంచాలి, కొన్నింటిని రవాణా లేకపోయినా దగ్గరగా ఉంచాలి. పవర్ ప్రెస్ కంపనం ప్రెసిషన్ గ్రైండింగ్‌ను చెడగొడుతుంది. వెల్డింగ్ నిప్పురవ్వలు పెయింట్, సాల్వెంట్ ఉన్న చోటికి చేరకూడదు. గ్రైండింగ్ ధూళి బేరింగ్ అసెంబ్లీ వైపు వీచకూడదు. కొలతలకు ప్రామాణిక ఉష్ణోగ్రత 20 డిగ్రీల సెల్సియస్ కాబట్టి, కొలతల గదిని ఫర్నేస్ పక్కన, ఎండ పడే గోడకు ఆనించి పెట్టకూడదు.

ప్రతి జంట విభాగాలకూ "తప్పనిసరిగా దగ్గర" నుంచి "ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు" వరకు ఒక స్థాయి ఇచ్చి, పక్కనే కారణం రాయాలి. కారణం రాయలేకపోతే అది అవసరం కాదు, అలవాటు.

7. కదిలేవి, కదలనివి వేరు చేయడం

మెషిన్లన్నింటినీ మూడు రంగులతో డ్రాయింగ్ మీద గుర్తించాలి.

ఎరుపు: పునాది ఉన్న భారీ ప్రెస్, పెయింట్ బూత్, ప్లేటింగ్ లైన్, హీట్ ట్రీట్‌మెంట్ ఫర్నేస్ లాంటివి. వీటిని కదపడమంటే దాదాపు కొత్తగా కట్టడమే. 

పసుపు: రిగ్గర్లను (భారీ మెషిన్లు కదిపే పనివారిని) పిలిచి కదపవలసిన, కదిపాక లెవెలింగ్, కచ్చితత్వ పరీక్ష అవసరమైన సీఎన్‌సీ (కంప్యూటర్ నియంత్రణతో నడిచే) లాంటి మెషిన్లు. 

పచ్చ: బెంచీలు, రాక్‌లు, చిన్న ప్రెస్సులు, చక్రాల మీద పెట్టగలిగేవన్నీ.

ఎరుపు మెషిన్లను స్థిరంగా ఉంచి, మిగతావి వాటి చుట్టూ అమర్చాలి. ఇక ఎరుపు మెషిన్ కొత్తగా కొనేటప్పుడు ఎక్కడ పెట్టాలన్న నిర్ణయం రాబోయే ఎన్నో ఏళ్ల లేఅవుట్‌ను బంధిస్తుంది. దాన్ని ఫ్లోర్ నడిమధ్యలో పెడితే తర్వాత ఏ లైనూ నిటారుగా సాగదు. వీలైనంత వరకు ఒక అంచున, పక్కన అదే రకం ఇంకొకటి పట్టేంత చోటు వదిలి పెట్టాలి.

అంతకన్నా మంచి ఆలోచన, కొనేటప్పుడే ఎరుపును పసుపుగా, పసుపును పచ్చగా మార్చగలమా అని అడగడం. అన్ని విభాగాలకూ పనిచేసే ఒక పెద్ద వాషింగ్ మెషిన్‌కు బదులు, సెల్‌కు ఒకటి చొప్పున మూడు చిన్నవి కొంటే మొదటి ఖర్చు పెరగవచ్చు. కానీ ఫ్లోర్‌లోని దారులన్నీ ఒకే చోట ముడిపడకుండా ఉంటాయి.

8. ప్రత్యామ్నాయాలు గీసి, పరిస్థితులతో పరీక్షించడం

కనీసం మూడు లేఅవుట్లు గీయాలి. మొదటిది ఎప్పుడూ మన అలవాటు నుంచే వస్తుంది. తర్వాత ప్రతిదాన్నీ మూడు పరిస్థితులలో లెక్కించాలి: ఇప్పటి గిరాకీ, పెరిగిన గిరాకీ, మారిన మోడళ్ల వాటా.

ఒక లేఅవుట్ రవాణా భారం ఆ మూడింటిలో వరుసగా 4,300, 4,900, 8,200 అనీ, రెండోదాని భారం 4,700, 5,000, 5,900 అనీ వచ్చిందనుకుందాం. ఈరోజు చూస్తే మొదటిదే మెరుగు. మోడళ్లు మారిన రోజున అది కూలిపోతుంది, మళ్లీ అంతా కదపవలసి వస్తుంది. కొత్త మోడల్ వచ్చే అవకాశం నిజంగా ఉన్న చోట నేను రెండోదాన్నే ఎంచుకోమంటాను. ఇప్పుడు కోల్పోయే 400ను, తప్పించుకున్న తరలింపు ఖర్చుకు కట్టిన బీమాగా చూడాలి.

9. దారులు, కరెంటు, గాలి, ఖాళీ స్థలం

ఫోర్క్‌లిఫ్ట్ దారి వెడల్పును తయారీదారు ఇచ్చే వివరాల పత్రం నుంచి తీసుకోవాలి. అందులోని సంఖ్యలో సాధారణంగా 200 మిల్లీమీటర్ల భద్రతా వెసులుబాటు మాత్రమే ఉంటుంది. పైగా అది ప్రామాణిక ప్యాలెట్‌కు లెక్కించినది. మీ లోడ్ పొడవు ఎక్కువైతే ఆ తేడాను, నిత్య వాడకానికి మరికొంత చోటును కలపాలి. నడిచేవారి దారిని వాహనాల దారి నుంచి వేరుగా, వీలైతే రెయిలింగ్‌తో ఉంచాలి.

మళ్లీ మార్చడం చవకగా ఉండాలంటే పెట్టుబడి ఇక్కడ పెట్టాలి. కరెంటును నేలలో పాతిన పైపుల ద్వారా కాక, పైన బస్‌బార్ ట్రంకింగ్ (కరెంటు లోహపు కడ్డీలు ఉన్న పెట్టె లాంటి గొట్టం) ద్వారా ఇస్తే, మెషిన్ జరిగినప్పుడు దాని నుంచి కరెంటు తీసే ట్యాప్-ఆఫ్ బాక్స్‌ను మార్చుకుంటే చాలు. కంప్రెసర్ గాలి పైపును రింగ్‌గా తిప్పితే ఎక్కడ కొత్త కనెక్షన్ తీసినా ప్రెషర్ పెద్దగా పడదు. ఆ కనెక్షన్‌ను మెయిన్ పైపు పైభాగం నుంచి తీయాలి, అడుగు నుంచి తీస్తే పైపులో చేరిన నీరు మెషిన్‌లోకి దిగుతుంది. డ్రైన్ మాత్రం తేలికగా మారదు. నేలలో వాలు కావాలి కాబట్టి నీరు వాడే మెషిన్లన్నింటినీ ఒక పట్టీలోనే ఉంచడం మంచిది.

ఖాళీ స్థలాన్ని అక్కడక్కడ చిన్న ముక్కలుగా వదిలితే ఎందుకూ పనికిరాదు. మూడో అంశంలో కట్టిన పట్టిక చూసి, ముందుగా నిండిపోయే మెషిన్ పక్కనే పూర్తి స్థలం వదలాలి. దాన్ని నేల మీద రంగుతో గీసి, ఏ మెషిన్ కోసమో రాయకపోతే కొద్ది వారాలలో అక్కడ ప్యాలెట్లు చేరిపోతాయి.

10. అసలు కొలతతో నమూనా వేయడం

ఎంచుకున్న లేఅవుట్‌ను సెలవు రోజున నేల మీద టేపుతో అసలు కొలతల్లో గీయాలి. మెషిన్ల స్థానంలో అట్టపెట్టెలు పెట్టి, పూర్తి లోడ్‌తో ఫోర్క్‌లిఫ్ట్ నడిపించాలి. ప్రతి షిఫ్ట్ నుంచి ఆపరేటర్లను, మెయింటెనెన్స్ ఫిట్టర్లను, శుభ్రం చేసేవారిని పిలిచి, వారి పనిని అక్కడే చేసి చూపించమనాలి. చిప్స్ ట్రే ఎటు లాగుతారు, బ్యారెల్ ఎలా తిప్పుతారు, రాత్రి ఒక్కరే ఉన్నప్పుడు ఎలా నడుస్తారు అన్నవి డ్రాయింగ్‌లో కనిపించవు.

☐ ప్యానెల్ ముందు కనీసం ఒక మీటరు ఖాళీ ఉందా (స్థానిక నిబంధన ఎక్కువ అడిగితే అంత)
☐ అత్యవసర ద్వారం, అగ్నిమాపక పరికరాలు ఎక్కడి నుంచైనా అందుతాయా
☐ మెషిన్ తలుపు పూర్తిగా తెరుచుకుంటుందా
☐ ఎమర్జెన్సీ స్టాప్ ఆపరేటర్ చేతికి అందుతుందా
☐ పైన క్రేన్ లోడ్ మనుషుల తలల మీదుగా వెళ్లకుండా ఉందా

11. తరలింపు

ముందుగా నిల్వ లెక్క కట్టాలి. తరలింపుకు 3 రోజులు, ఆ తర్వాత సగం వేగంతో 2 రోజులు నడుస్తుందనుకుంటే 4 రోజుల సరుకు, అంటే 2,320 పార్టులు ముందే సిద్ధంగా ఉండాలి. పై ఉదాహరణలో డ్రిల్లింగ్ రోజుకు 633కు మించి ఇవ్వలేదు. 580 పోగా మిగిలేది 53. ఆ లెక్కన నిల్వ పోగవడానికి 44 పని దినాలు పడతాయి. ఓవర్‌టైమ్ లేకుండా రెండు వారాల్లో సిద్ధమవుతామని ఎవరైనా చెబితే ఈ భాగహారం చేసి చూపించాలి.

క్రమం ఇలా ఉండాలి:

1) కొత్త చోట నేల, కరెంటు, గాలి, డ్రైన్ పూర్తిచేసి పరీక్షించాలి. మెషిన్ కదిలేది ఆ తర్వాతే.
2) ఖాళీ చోటులోకి ఏది వెళ్తే మరొకదానికి చోటు ఏర్పడుతుందో ఆ వరుసను రాసుకోవాలి.
3) కదిపే ముందు ఒక నమూనా పార్టు చేసి కొలతలు రాయాలి, కేబుళ్లకు, హోస్‌లకు రెండు చివరలా గుర్తులు కట్టి ఫోటోలు తీయాలి.
4) కరెంటు, గాలి, హైడ్రాలిక్ ప్రెషర్ పూర్తిగా తీసివేసి, తాళం వేసి, కదిలే భాగాలను బిగించాలి.
5) కొత్త చోట లెవెల్ చేసి, మోటార్లు తిరిగే దిశ సరిచూసి, అదే పార్టు మళ్లీ చేసి పాత కొలతలతో పోల్చాలి.
6) గార్డులు, ఎమర్జెన్సీ స్టాప్‌లు పరీక్షించి, సంతకం అయ్యాకే ఉత్పత్తి మొదలుపెట్టాలి.

అంతా ఒకేసారి కదపడం కన్నా సెల్ వెంట సెల్ కదపడం మేలు. మొదటి సెల్‌లో తెలిసిన లోపాలను రెండోదానిలో సరిదిద్దుకోవచ్చు.

12. తరచుగా జరిగే పొరపాట్లు, వాటి సవరణ

మెషిన్లు దగ్గరికి వచ్చాయి కానీ మధ్య సరుకు తగ్గలేదు. దూరం తగ్గినా బ్యాచ్ పరిమాణాన్ని పాతదే ఉంచారన్నమాట. పెద్ద ట్రాలీలను తీసేసి చిన్న బిన్లు పెట్టాలి, రెండు మెషిన్ల మధ్య ఎన్ని బిన్లకు చోటో నేల మీద గీయాలి.

సెల్‌లో ఒక మెషిన్ ఆగితే అన్నీ ఆగిపోతున్నాయి. తరచుగా ఆగే మెషిన్‌ను బాగుచేయకుండా సెల్‌లో చేర్చడమే దీనికి మూలం. బాగయ్యే వరకు దాని తర్వాత లెక్క ప్రకారం కొద్దిపాటి నిల్వ ఉంచి, ప్రతి నెలా దాన్ని తగ్గించాలి.

కొత్త దారులు ఉన్నా సరుకు పాత దారుల్లోనే తిరుగుతోంది. సాధారణంగా టూల్ రూమ్, స్టోర్స్, తనిఖీ బల్ల పాత చోటే ఉండిపోయి ఉంటాయి. మెషిన్లతో పాటు వాటినీ తరలించాలి.

13. మార్పు తర్వాత కొలవడం, మళ్లీ ఎప్పుడు మార్చాలో రాసుకోవడం

మొదటి రెండు వారాల అంకెలను చూసి తీర్పు ఇవ్వవద్దు. మనుషులు కొత్త చోటుకు ఇంకా అలవాటుపడుతూ ఉంటారు. ఉత్పత్తి స్థిరపడ్డాక, మొదటి, ఐదో అంశాల్లో రాసుకున్న సంఖ్యలనే అదే పద్ధతిలో మళ్లీ కొలవాలి: మధ్యలో ఉన్న పార్టులు, బయటికి రావడానికి పట్టే రోజులు, ట్రిప్పుల భారం.

తర్వాత ఒక పేజీ పత్రం తయారుచేసి డ్రాయింగ్‌తో పాటు ఉంచాలి. అందులో ఒక్కో వరుసకు నాలుగు వివరాలు: గమనించవలసిన సంఖ్య, దాని హద్దు, హద్దు చేరినప్పుడు చేయవలసిన మార్పు, ఆ మార్పుకు ముందస్తుగా కావలసిన సమయం. ఉదాహరణకు డ్రిల్లింగ్ హద్దు రోజుకు 633. మూడో మెషిన్ తెప్పించి బిగించడానికి 4 నెలలు పడుతుంది, గిరాకీ నెలకు 10 చొప్పున పెరుగుతోంది అనుకుంటే, ఆర్డర్ పెట్టవలసినది 593 దగ్గరే.

మూడు నెలలకొకసారి ప్రొడక్షన్, మెయింటెనెన్స్, ప్లానింగ్ బాధ్యులు ఈ పత్రం పట్టుకుని ఫ్లోర్ మీద నడవాలి. హద్దులు దాటాయా, కేటాయించిన ఖాళీలో ఏమైనా చేరిందా, డ్రాయింగ్‌లో లేని మెషిన్ ఏదైనా కనిపిస్తోందా చూసి, అప్పటికప్పుడే డ్రాయింగ్ సవరించి తేదీ వేయాలి. హద్దు దాటకముందే మారిన పరిస్థితి కనిపిస్తే, మూడో అంశం నుంచి లెక్కలు మళ్లీ కట్టాలి. మొదటి నుంచి మొదలుపెట్టనవసరం లేదు.